గింప్‌లో లొకేషన్ పిన్ ఐకాన్ గీయడం ఎలా?

షాపు వెబ్‌సైట్‌లోనో, శుభలేఖ మీదో అడ్రసు పక్కన ఒక చిన్న ఎర్ర పిన్ కావాలి. గుండ్రటి తల, కింద మొన, తల మధ్యలో రంధ్రం, అంతే. ఉచితంగా దొరికే బొమ్మల ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ గింప్‌లో దీన్ని గీయడానికి అరగంట చాలు. చేయి తిరిగిన ఆర్టిస్టే కానక్కర్లేదు, కొలతలు సరిగ్గా ఇస్తే చాలు. ఈ పద్ధతి గింప్ 2.10 వెర్షన్‌లోనూ 3.0లోనూ పనిచేస్తుంది.

కాన్వాసు

ఫైల్ మెనూలో న్యూ నొక్కి వెడల్పు 256, ఎత్తు 256 పిక్సెళ్లు ఇవ్వండి. అక్కడే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరిచి, ఫిల్ విత్ దగ్గర ట్రాన్స్‌పరెన్సీ ఎంచుకోండి. ఇది మరిచిపోతే తెల్లటి నేపథ్యం వస్తుంది. తర్వాత రంధ్రం చేయబోతే ఆ చోట బ్యాక్‌గ్రౌండ్ రంగు నిండుతుంది తప్ప రంధ్రం పడదు.

ఫోర్‌గ్రౌండ్ రంగు మీద క్లిక్ చేసి ఎరుపు 217, ఆకుపచ్చ 48, నీలం 37 ఇవ్వండి. రంగుల పెట్టె 0 నుంచి 100 వరకే చూపిస్తుంటే ముందు 0 నుంచి 255 కొలతకు మార్చుకోవాలి.

తల

ఎలిప్స్ సెలెక్ట్ టూల్ తీసుకుని (కీబోర్డులో E కీ) ఎలాగోలా ఒక సున్నా లాగండి. షిఫ్ట్ నొక్కి పట్టుకుని లాగడం మొదలుపెడితే ఉన్న సెలెక్షన్‌కు కొత్తది కలుస్తుంది. లాగడం మొదలయ్యాక షిఫ్ట్ నొక్కితేనే సరి వృత్తం వస్తుంది. ఈ తేడా తెలియక చాలామంది తికమకపడతారు. మనకు ఆ తిప్పలు అక్కర్లేదు, టూల్ ఆప్షన్స్‌లో అంకెలు కొట్టేద్దాం: సైజు 180, 180, పొజిషన్ 38, 8. అంచు మెట్లుమెట్లుగా కనిపించకుండా చేసే యాంటీఅలియాసింగ్‌కు టిక్కు ఉండాలి, అంచును మసకబరిచే ఫెదర్ ఎడ్జెస్‌కు ఉండకూడదు. కంట్రోల్, కామా కలిపి నొక్కితే ఎరుపు నిండుతుంది. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, A నొక్కి సెలెక్షన్ తీసేయండి.

మొన

పిన్ పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. వృత్తం బాగా వెడల్పుగా ఉన్నచోట, అంటే సరిగ్గా నడుము దగ్గర్నుంచి మొనకు గీతలు లాగుతారు. ఆ గీతలు వృత్తం లోపలి నుంచి పోతాయి, దాంతో తల కింద రెండు పక్కలా భుజాల్లా ఉబ్బు కనిపిస్తుంది. గీత వృత్తాన్ని తాకీ తాకనట్టు, స్పర్శరేఖగా దిగాలి. మన వృత్తం కేంద్రం (128, 98), వ్యాసార్థం 90. మొనను కేంద్రానికి 150 పిక్సెళ్ల కింద పెడితే గీత తాకే చోటు కేంద్రం కంటే 54 కిందకు, 72 పక్కకు వస్తుంది. పదో తరగతి లెక్కే.

ఇమేజ్ మెనూలో గైడ్స్, న్యూ గైడ్‌కు వెళ్లి నిలువు గైడ్లు (కొలత కోసం పెట్టుకునే గీతలు, బొమ్మలో రావు) 56, 128, 200 దగ్గర, అడ్డ గైడ్లు 152, 248 దగ్గర పెట్టండి. వ్యూ మెనూలో స్నాప్ టు గైడ్స్‌కు టిక్కు ఉందో లేదో చూసుకోండి. పాత్స్ టూల్‌తో (బి కీ) మూడు చోట్ల క్లిక్ చేయండి: (56, 152), (200, 152), (128, 248). క్లిక్ చేస్తూ మౌస్ లాగకూడదు, లాగితే గీత వంకర తిరుగుతుంది. ఎంటర్ నొక్కితే త్రిభుజం సెలెక్ట్ అవుతుంది. మళ్లీ కంట్రోల్, కామా.

రంధ్రం

మళ్లీ ఎలిప్స్ టూల్. సైజు 72, 72; పొజిషన్ 92, 62. డిలీట్ నొక్కండి. రంధ్రంలో బూడిదరంగు గళ్లు కనిపిస్తే పని అయినట్టే. అక్కడ తెల్లరంగు నింపి సరిపెట్టకండి, ముదురు నేపథ్యం మీద పెట్టగానే తెల్లటి చుక్క కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

కంట్రోల్, ఎస్ నొక్కితే ఎక్స్‌సీఎఫ్ ఫైలుగా సేవ్ అవుతుంది. దిద్దుబాట్లకు ఇదే అసలు ప్రతి. వాడుకోవడానికి కంట్రోల్, షిఫ్ట్, E నొక్కి పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేయాలి. జేపీజీలో పారదర్శకత నిలవదు.

చిన్న సైజులు

ఐకాన్ బాగుందో లేదో 256లో తేలదు. కంట్రోల్, డి నొక్కి నకలు తీసి, ఇమేజ్ మెనూలోని స్కేల్ ఇమేజ్‌లో ఇంటర్‌పొలేషన్ దగ్గర నోహాలో (NoHalo) ఎంచుకుని 48కి, మరో నకలును 32కి తగ్గించండి. ఈ రెండూ బాగానే వస్తాయి. 16కి మాత్రం తగ్గించకండి. 72 పిక్సెళ్ల రంధ్రం అక్కడ నాలుగున్నర పిక్సెళ్లవుతుంది, సగం పిక్సెల్‌ను గీయలేక గింప్ అంచంతా మసక చేస్తుంది.

16 సైజును చేత్తో గీయడమే మేలు. 16 బై 16 పారదర్శక కాన్వాసు తీసుకుని 5 కీ నొక్కితే 16 రెట్లు పెద్దదవుతుంది. పెయింట్‌బ్రష్ వద్దు, అది అంచును మెత్తబరుస్తుంది. పెన్సిల్ (ఎన్ కీ), సైజు 1. పై వరుస, కింది వరుస ఖాళీగా వదిలి, మధ్యలోని 14 వరుసల్లో పైనుంచి కిందికి ఇన్నేసి పిక్సెళ్లు నింపండి: 6, 8, తర్వాత ఐదు వరుసలు పదేసి, 8, 8, 6, 6, 4, 4, 2. ప్రతి వరుసా నడిమధ్యకు రావాలి. వెడల్పు సరిసంఖ్య కాబట్టి నడిమి పిక్సెల్ అంటూ ఉండదు. మొన ఒక పిక్సెల్‌తో ముగిస్తే పిన్ ఒక పక్కకు ఒరిగినట్టుంటుంది, అందుకే చివర రెండు. రంధ్రానికి నింపిన వరుసల్లో నాలుగోదాని నుంచి ఏడోదాని దాకా మధ్యలో 2, 4, 4, 2 పిక్సెళ్లు ఎరేజర్‌తో తీసేయండి. దాని ఆప్షన్స్‌లో హార్డ్ ఎడ్జ్‌కు టిక్కు పెట్టాలి.

విండోస్‌కు ఒకే ఐకాన్ ఫైలు కావాలంటే 256, 48, 32, 16 సైజులను పీఎన్‌జీలుగా ఎక్స్‌పోర్ట్ చేసుకుని, ఆ నాలుగింటినీ ఫైల్ మెనూలోని ఓపెన్ యాజ్ లేయర్స్‌తో ఒకేచోట తెరిచి, పేరు చివర డాట్ ఐసీఓ ఇచ్చి ఎక్స్‌పోర్ట్ చేయండి. ఒక్కో లేయర్ దాని సైజులోనే ఆ ఫైల్లోకి వెళుతుంది. 256 లేయర్‌కు కంప్రెస్‌డ్ టిక్కు పెడితే ఫైలు బరువు తగ్గుతుంది.