మొహం గుర్తుండి పేరు గుర్తురాకపోతే ఏం చేయాలి?

"ఈయన్ని ఎక్కడో చూశాను, పేరే గుర్తు రావట్లేదు" అనే మాట రోజూ వింటుంటాం. "పేరు గుర్తుంది, మొహమే గుర్తు రావట్లేదు" అనేవాళ్ళు చాలా అరుదు. మొహం ఎదురుగా కనిపిస్తుంది కాబట్టి దాన్ని పోల్చుకుంటే చాలు. పేరు అలా కాదు, ఏ ఆధారమూ లేకుండా మనమే లోపలినుంచి బయటికి లాగాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. 1987లో బ్రిటన్‌లో కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. తెలియని మనుషుల ఫొటోలు చూపించి, వాళ్ళ పేర్లూ వృత్తులూ చెప్పారు. ఇందులో ఒకే మాట కొన్నిసార్లు పేరుగా, కొన్నిసార్లు వృత్తిగా వచ్చింది. ఇంగ్లిష్‌లో బేకర్ అనేది ఇంటిపేరూ అవుతుంది, బ్రెడ్డు చేసే పనీ అవుతుంది కదా. ఈయన పని బేకర్ అని చెబితే జనానికి బాగానే గుర్తుంది. ఈయన పేరు బేకర్ అని చెబితే మాత్రం అదే మాట ఎక్కువగా జారిపోయింది. పని అనగానే పొయ్యి, పిండి, వేడి వేడి బ్రెడ్డు వాసన అన్నీ వెంట వస్తాయి. పేరు వెంట ఏదీ రాదు.

కాబట్టి మనం చేయాల్సినవి ముఖ్యంగా రెండు. పేరుకు ఏదో ఒకటి తగిలించాలి, తర్వాత దాన్ని పదే పదే బయటికి తీయాలి. సలహాలిచ్చేవాళ్ళు ఎక్కువగా మొదటిదే చెబుతారు. నా ఉద్దేశంలో రెండోదే అసలు పని. అయితే వీటికంటే ముందు చేయాల్సింది ఇంకోటి ఉంది.

మొదటి మెట్టు: పేరు చెవిన పడాలి

మర్చిపోయాం అనుకునే పేర్లలో చాలావాటిని మనం అసలు వినే ఉండం. కొత్త ఉద్యోగంలో మొదటిరోజు అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరే పరిచయం చేసుకోమంటారు. మన వంతు దగ్గరపడే కొద్దీ ఏం చెప్పాలా అని టెన్షన్ మొదలవుతుంది. చివరికి మనకు సరిగ్గా ముందు మాట్లాడినతని పేరే మనకు తెలియదు. దీన్ని మాల్కమ్ బ్రెన్నర్ అనే పరిశోధకుడు 1973లోనే ప్రయోగం చేసి చూపించాడు. వరసలో కూర్చుని ఒకరి తర్వాత ఒకరు చదువుతున్నప్పుడు, తమ వంతుకు కాస్త ముందు వచ్చిన మాటలే జనానికి అన్నిటికన్నా తక్కువ గుర్తున్నాయి.

అందుకని మీరు చెప్పబోయే రెండు ముక్కలూ ముందే అనుకుని పెట్టుకోండి. మీటింగ్ అయ్యాక పక్కన కూర్చున్నతన్ని పేరు మళ్ళీ అడగండి. ఫంక్షన్ హాల్లో మేళం హోరులో పేరు సరిగ్గా వినపడకపోతే, తల ఊపి నవ్వేసి ఊరుకోకండి. "పేరు సరిగ్గా వినపడలేదండీ, ఇంకోసారి చెప్తారా?" అని అప్పుడే అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. మూడు నెలల తర్వాత అడగాలంటేనే మొహమాటం. శ్రీనివాసా, శ్రీనివాసరావా, శ్రీనివాసులా అనేది కూడా అప్పుడే తేల్చుకోండి. ఆయన్ని చుట్టూ ఉన్నవాళ్ళంతా శ్రీను అంటుంటే అదీ మనసులో వేసుకోండి.

రెండో మెట్టు: పేరుకు ఒక గుడినో ఊరినో తగిలించాలి

ఈ విషయంలో మన పాత పేర్లు చాలా నయం. వాటిలో చాలావాటికి ఒక కొండో గుడో అంటుకునే ఉంటుంది. సింహాచలం, అప్పలరాజు, అప్పలనాయుడు అంటే విశాఖ సింహాద్రి అప్పన్న. పైడిరాజు అంటే విజయనగరం పైడితల్లి అమ్మవారు. సత్తిబాబు, వీర వెంకట సత్యనారాయణ అంటే అన్నవరం. కోటయ్య, కోటేశ్వరరావు అంటే పల్నాడులో కోటప్పకొండ. ఓబులేసు అంటే అహోబిలం. యాదగిరి, యాదయ్య అంటే యాదగిరిగుట్ట. సమ్మయ్య, సారయ్య అంటే మేడారం జాతర. కొమురయ్య, మల్లేశం అంటే కొమురవెల్లి మల్లన్న. గుంటూరు, నెల్లూరు వైపు మస్తాన్‌వలి ఉంటాడు, మస్తాన్‌రావూ ఉంటాడు. రెండు పేర్లూ దర్గానే గుర్తు చేస్తాయి.

దీన్ని ఎలా వాడుకోవాలో చూద్దాం. మీ అపార్ట్‌మెంట్‌కి కొత్తగా వచ్చిన వాచ్‌మన్ తన పేరు పైడిరాజు అన్నాడనుకోండి. పైడితల్లి జాతరలో సిరిమాను అనే పొడవాటి మాను చివర పూజారి కూర్చుంటాడు కదా, ఆ చోట ఇతన్ని కూర్చోబెట్టండి. యూనిఫాం తీసేయకండి, చేతిలో టార్చిలైటు కూడా అలాగే ఉండనివ్వండి. కింద జనం అరటిపళ్ళు విసురుతుంటే, ఇతను టార్చి వేసి మీ కారు నంబరు చూస్తున్నాడు. ఎంత వింతగా ఉంటే అంత మంచిది. ఈ బొమ్మ మీ తలలోనే ఉంటుంది కాబట్టి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. అతనికి ఆ పేరు అమ్మవారి మీద భక్తితో పెట్టారా, తాత పేరని పెట్టారా అన్నది కూడా మనకు అనవసరం.

గుడి దొరకని పేరైతే, అదే పేరున్న పాత మనిషిని పక్కన నిలబెట్టండి. కొత్త రమేష్ మీ చిన్నప్పటి రమేష్‌తో కలిసి గోళీలాడుతున్నట్టు ఊహించుకోవచ్చు. ఇప్పటి పిల్లల పేర్లతోనే అసలు తంటా. విహాన్, రేయాన్ష్, అయాన్ష్, ఆద్య, ఆర్య అన్నీ ఒకేలా వినిపిస్తాయి, వాటిలో గుడీ ఉండదు, గోపురమూ ఉండదు. అలాంటప్పుడు ఆ పేరు ఎలా దొరికిందని వాళ్ళ అమ్మానాన్నలనే అడగండి. ఏ అక్షరం వచ్చింది, ఎన్ని పేర్లు అనుకున్నారు, నానమ్మకు ఎందుకు నచ్చలేదు అంటూ ఉత్సాహంగా చెప్పుకొస్తారు. ఆ కథ వింటే పేరు దానంతటదే ఉండిపోతుంది.

ఇంటిపేర్లు వీటికన్నా తేలిక. గుర్రం, గుమ్మడి, తోటకూర, మిరియాల, బెల్లంకొండ లాంటివి ఒక్కసారి వింటే చాలు. కానీ మీ అంతట మీరు ఇంటిపేరు అడగకండి. కులం ఆరా తీస్తున్నారని అవతలివాళ్ళకు అనిపిస్తుంది. చాలామంది అడిగేది కూడా అందుకే. వాళ్ళే చెబితే వాడుకోండి, లేకపోతే "మీదే ఊరండీ?" అనే ప్రశ్నతో సరిపెట్టుకోవచ్చు.

మొహంలో దేన్ని గుర్తుపెట్టుకుంటున్నారో కూడా చూసుకోవాలి. కళ్ళజోడు, గడ్డం, జుట్టు రంగు, చీర ఇవన్నీ మారిపోయేవే. పెళ్ళిలో కంచిపట్టు చీరలో చూసిన ఆవిడ మర్నాడు కూరగాయల బండి దగ్గర నైటీలో కనిపిస్తే, మొహం కూడా కొత్తగానే ఉంటుంది. కనుబొమ్మలు, నవ్వు, గొంతు, నడక పట్టుకోండి.

మూడో మెట్టు: నోటితో అనాలి

పరిచయమైన వ్యక్తి పేరును మాటల్లో మూడు నాలుగు సార్లు వాడమని ఇంగ్లిష్ పుస్తకాల్లో ఉంటుంది. మనం మాటమాటకీ "భాస్కర్ గారూ, భాస్కర్ గారూ" అంటే బ్యాంకు లోను అంటగట్టడానికి వచ్చిన ఫోన్‌లా ఉంటుంది. పలకరించేటప్పుడు ఒకసారి, సెలవు తీసుకునేటప్పుడు ఒకసారి అంటే సరిపోతుంది.

పెద్దవాళ్ళ దగ్గర అదీ కుదరదు. అత్తవారి తరఫు పెద్దాయన్ని మొహం మీద పేరు పెట్టి పిలవలేం. ఆయన బాబాయ్ గారు, ఆవిడ పిన్ని గారు. వరస ఉన్నంతకాలం పేరుతో పని పడదు, అందుకే అది ఎప్పటికీ నోటికి రాదు. కాపరానికొచ్చి పదేళ్ళయినా కాకినాడ అత్తయ్య అసలు పేరేమిటో తెలియని కోడళ్ళు ఎంతోమంది. అల్లుళ్ళ సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. ఏ గృహప్రవేశానికో కార్డు మీద పేరు రాయాల్సి వచ్చినప్పుడు దొరికిపోతాం. దీనికి మార్గం, ఆ పేరును మూడో మనిషి దగ్గర అనడమే. "కాకినాడ అత్తయ్య పేరు అన్నపూర్ణ గారు కదూ?" అని ఇంటికొచ్చాక భార్యనో భర్తనో అడిగితే, మర్యాదా పోదు, పేరు నోట్లోంచి ఒకసారి బయటికీ వస్తుంది.

నాలుగో మెట్టు: వదిలేసి మళ్ళీ తీయాలి

పేరు వినగానే లోపల పదిసార్లు వల్లె వేసుకోవడం వల్ల పెద్దగా లాభం లేదు. అప్పుడే విన్నది అప్పుడే అనడం ఎవరికైనా వస్తుంది. కాస్త మరుపు పట్టాక, కష్టపడి బయటికి తీస్తేనే అది గట్టిపడుతుంది. 1978లో థామస్ లాండవర్, రాబర్ట్ బ్యోర్క్ అనే ఇద్దరు పరిశోధకులు పేర్లు నేర్పించి దీన్ని పరీక్షించారు. ఒకే ఎడంతో గుర్తు చేసుకోవడం కంటే, ఎడం పెంచుకుంటూ పోవడం ఎక్కువ పనిచేసింది.

ఇది మన అవధానుల్ని చూసినవాళ్ళకు కొత్తగా అనిపించదు. తిరుపతి వేంకట కవుల పేరు చెప్పగానే గుర్తొచ్చే శతావధానంలో వందమంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవాళ్ళు, ఉంటారు. అవధాని ఒకరికి పద్యం మొత్తం ఒకేసారి చెప్పేయడు. మొదటి ఆవృత్తిలో ఒక్కొక్కరికి ఒక్కో పాదం చెప్పుకుంటూ వెళ్తాడు. మళ్ళీ మొదటి పృచ్ఛకుడి దగ్గరికి వచ్చేసరికి మధ్యలో 99 మంది అయిపోయి ఉంటారు. అప్పుడు పాత పాదాన్ని పైకి తీసి, దాని మీద రెండోది కట్టాలి. ఇలా నాలుగు ఆవృత్తులు అయ్యాక ధారణ, అంటే ఆ పద్యాలన్నీ మళ్ళీ అప్పజెప్పడం. అవధానికి ఛందస్సు, యతి ప్రాసలు తోడుంటాయి, ఏళ్ళ తరబడి చేసిన సాధన ఉంటుంది. మనకు అవేవీ లేకపోయినా, వదిలేసి మళ్ళీ తీయడం అనే పద్ధతి వరకు అరువు తెచ్చుకోవచ్చు.

అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో ముగ్గురు కొత్తవాళ్ళు పరిచయమయ్యారనుకోండి. టీ తాగి కప్పు పెట్టేసేటప్పుడు ఒకసారి ముగ్గురి పేర్లూ లోపల చెప్పుకోండి. లిఫ్ట్‌లో పైకి వచ్చేటప్పుడు ఇంకోసారి. రాత్రి పళ్ళు తోముకుంటూ, మర్నాడు బండి మీద సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, ఆ తర్వాత రెండు మూడు రోజులకు, వారానికి. ప్రతిసారీ ముందు మొహం ఊహించుకుని, ఆ తర్వాతే పేరు కోసం వెతకాలి. వెంటనే రాకపోతే ఓ అర నిమిషం తంటాలు పడండి, అప్పటికీ రాకపోతేనే ఫోన్ తీసి చూడండి. ఆ తంటాలే మందు.

ఒకేసారి అరవైమంది ఎదురైతే

కొత్త క్లాసుకు వచ్చిన టీచర్ల కష్టం ఇదే. హాజరు రోజూ పిలుస్తున్నా పేర్లు రావడం లేదని కొందరంటారు. హాజరు పిలిచేటప్పుడు పేరు పుస్తకంలో కనిపిస్తుంది, చేయి ఎత్తేది పిల్లవాడు. మనకు కావాల్సింది దానికి తలకిందులు. పిల్లవాడు ఎదురుగా ఉండాలి, పేరు మన నోటినుంచి రావాలి. అందుకే దిద్దిన నోట్సులు లీడర్ చేత కాకుండా మీరే పంచండి. పుస్తకం మీద పేరు చదివి, "ఎవరిది?" అని అరవకుండా, ఆ పిల్ల ఎక్కడ కూర్చుందో మీరే వెతుక్కుంటూ వెళ్ళండి. కొన్ని రోజులయ్యాక, హాజరు పట్టీ మూసేసి మొహాలు చూస్తూ పిలవండి. రోజుకు ఒక బెంచీ చొప్పున నేర్చుకుంటే చాలు. మధ్యలో బెంచీలు మార్చడం మర్చిపోకండి, లేకపోతే మీరు నేర్చుకునేది పిల్లల్ని కాదు, కుర్చీల్ని.

పెద్ద పెళ్ళిలోనూ అంతే. అందరినీ ఒక్కరోజులో పట్టేయాలని చూడొద్దు. ఆ రోజుకు ఐదారుగురు చాలు. మిగతావాళ్ళ కోసం ఆల్బమ్ వచ్చాక ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన కూర్చుని ఎవరు ఎవరో అడగండి, వంశవృక్షం ఒక కాగితం మీద గీసుకోండి.

ఫోన్‌లో రాసుకునేటప్పుడు పేరు ఒక్కటే కాకుండా, ఎక్కడ కలిశారో కూడా పెట్టండి. "రమేష్ ప్లంబర్", "మాధవి 402" బాగానే ఉంటాయి. "బట్టతల రమేష్" అని మాత్రం పెట్టకండి. ఏదో ఒక రోజు ఆయన పక్కనే కూర్చుని, "నా నంబరు ఉందా?" అని మీ ఫోన్‌లోకి తొంగి చూస్తాడు.

అయినా గుర్తు రాకపోతే

పెళ్ళిలో ఎవరో పెద్దావిడ మీ చెయ్యి పట్టుకుని, "నేనెవరో చెప్పుకో చూద్దాం" అంటుంది. చుట్టూ నలుగురు నవ్వుతూ చూస్తుంటారు. ఇంత పెద్ద పరీక్ష ఏ ఇంటర్వ్యూలోనూ ఉండదు. ఊహించి ఏదో ఒక పేరు చెప్పకండి, తప్పయితే ఆ కథ ప్రతి పెళ్ళిలోనూ చెప్పుకుంటారు. "మిమ్మల్ని ఎవరి పెళ్ళిలో చూశానో ఒక్క క్లూ ఇవ్వండి, మిగతాది నేను చెప్తా" అంటే ఆవిడకీ సరదాగా ఉంటుంది. పక్కన మీ ఆవిడో స్నేహితుడో ఉంటే ముందు వాళ్ళను పరిచయం చేయండి, అవతలివాళ్ళు తమ పేరు తామే చెప్పే అవకాశం ఎక్కువ. "మీ పేరు స్పెల్లింగ్ ఎలా రాస్తారండీ?" అనే ఎత్తు వేసేవాళ్ళు ఉన్నారు కానీ, జవాబు "రవి" అని వచ్చిందంటే పరువు పోతుంది. నిజం చెప్పేయడమే తేలిక: "మనం మాట్లాడుకున్నదంతా గుర్తుందండీ, పేరొక్కటే జారిపోయింది."

పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతే, దాంతో కుస్తీ పట్టకండి. తప్పు పేరు ఒకటి పదే పదే అడ్డం వస్తుంటే ఇంకా కష్టం. వేరే పనిలో పడండి, అది తర్వాత తనంతట తనే వస్తుంది. అమ్మ చిన్నవాణ్ణి పెద్దవాడి పేరుతో పిలిచినా కంగారుపడక్కర్లేదు. 2016లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, ఇంట్లోవాళ్ళను ఇంకొకరి పేరుతో పిలవడం అందరిళ్ళలోనూ ఉన్నదే. కొన్ని ఇళ్ళలో కుక్క పేరు కూడా పిల్లలకు పడుతుందట.

వయసు పెరిగే కొద్దీ పేర్లు ఆలస్యంగా అందడం మామూలే. నిద్ర చాలకపోయినా, బి12 తక్కువైనా, థైరాయిడ్ సమస్య ఉన్నా మతిమరుపు కనిపించవచ్చు. బాగా దగ్గరివాళ్ళ పేర్లే పోతున్నా, తెలిసిన దారులు తప్పుతున్నా, అడిగిందే అడుగుతున్నా డాక్టర్‌కి చూపించండి. కొద్దిమందికి పుట్టుకతోనే మొహాలు పోల్చుకోవడం రాదు. అలాంటివాళ్ళు గొంతును, నడకను బట్టే మనుషుల్ని గుర్తుపడతారు.

ఇక అవతలివాళ్ళు మీ పేరు మర్చిపోయినట్టు అనిపిస్తే, వాళ్ళను ఇరుకున పెట్టకుండా మీరే ముందు చెప్పేయండి. "నమస్కారం అండీ, నేను సుధాకర్‌ని, పోయినేడు మీ అబ్బాయి నిశ్చితార్థంలో కలిశాం." పదిసార్లలో తొమ్మిదిసార్లు వెంటనే ఎదుటివాళ్ళ పేరు కూడా వచ్చేస్తుంది, అది మీకు గుర్తున్నా లేకపోయినా.