చెత్త బండిలో వేయలేని సామాన్లు: తిరుపతిలో ఏది ఎలా కట్టాలి, ఎవరికివ్వాలి

తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం తిరుపతిలో ఇప్పుడు ఏ ఇంటికీ కొత్త కాదు. చిక్కంతా ఆ రెండింటిలోనూ పడని వాటితోనే. కాలిపోయిన ట్యూబులైటు, ఇన్సులిన్ సూదులు, ఉబ్బిన ఫోను బ్యాటరీ, గడువు దాటిన మాత్రలు, సగం గట్టిపడిన పెయింటు డబ్బా, అద్దం పగిలిన దేవుడి పటం. బండివాళ్లు ‘ఇది మాకొద్దు’ అంటారు. గుజిరీ అంగడిలో ‘దీనికేం రాదు’ అంటారు. అవి మిద్దె మెట్ల కింద ఏళ్ల తరబడి పడి ఉండి, ఇల్లు మారే రోజున ఒకే గోతంలో చేరి, చీకటి పడ్డాక బైపాస్ రోడ్డు పక్కకో స్వర్ణముఖి ఒడ్డుకో పోతాయి.

ఇంటి నుంచి కదిలిన చెత్త మూట బండి దగ్గర ఒకసారి, తూకివాకంలోని నగరపాలక సంస్థ చెత్త శుద్ధి కేంద్రంలో మరోసారి మనుషుల చేతుల మీదుగానే వెళ్తుంది. చాలాసార్లు ఆ చేతులకు సరైన గ్లౌజులు ఉండవు. అందుకే ఏది కట్టినా, ఏది మూసినా ఒక్క ప్రశ్న వేసుకోండి: దీన్ని నా తర్వాత ముట్టుకునే మనిషికి ఏమవుతుంది?

మూడో డబ్బా

2021 అక్టోబరు 2న మొదలైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమంలో ఇళ్లకు మూడు రంగుల డబ్బాలు ఇచ్చారు. ఆకుపచ్చది తడికి, నీలం పొడికి, ఎరుపు ప్రమాదకరమైన చెత్తకు. చాలా ఇళ్లలో ఆ ఎర్ర డబ్బా బియ్యం పోసుకోవడానికో, బట్టలు నానబెట్టడానికో పోయింది. లేకపోతే మూత గట్టిగా పట్టే 10 లీటర్ల పాత పెయింటు బకెట్ చాలు. ఎండా వానా తగలని చోట, పిల్లల చేతికి అందకుండా పెట్టండి. వంటగదిలో మాత్రం వద్దు.

ఈ డబ్బాను రోజూ బండికి ఇవ్వక్కర్లేదు. రెండు మూడు నెలలకోసారి ఖాళీ చేస్తే సరిపోతుంది. దానికి ముందు వార్డు సచివాలయంలో శానిటేషన్, ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీని కలవండి. ఊరికే ‘ఇవి ఎక్కడ వేయాలి’ అని అడిగితే ‘బండికి ఇచ్చేయండి’ అనే జవాబే వస్తుంది. సూటిగా అడగాలి: ప్రమాదకర చెత్త మన వార్డులో ఏ రోజు తీసుకుంటారు? బండిలో దానికి వేరే గోతం ఉందా? నేనే తెచ్చిస్తే ఎక్కడ తీసుకుంటారు? 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లో ఇలాంటి చెత్తకు ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక సేకరణ కేంద్రం ఉండాలని రాశారు. మీరు అడుగుతున్నది ఉపకారం కాదు. వీధిలో నలుగురైదుగురు కలిసి అడిగితే పని ఇంకా తేలికవుతుంది. బండి ఒక్కసారి ఆగితే అందరివీ పోతాయి.

సూదులు

ఇంట్లో ఒకరు ఇన్సులిన్ వేసుకుంటే నెలకు 30 నుంచి 120 సూదులు పోగవుతాయి. మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటే ఒక ఎత్తు. ఒక్క సూది గుచ్చుకుంటే ఆ కార్మికుడు హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ పరీక్షలు చేయించుకుని, ఫలితం వచ్చేదాకా నిద్ర లేకుండా ఉండాలి.

గట్టి ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకోండి. ఫినాయిల్‌దైనా సరే, బట్టలుతికే లిక్విడ్‌దైనా సరే, మరమూత ఉండాలి. తాగునీళ్ల సీసా పనికిరాదు. బొటనవేలితో నొక్కితే సొట్ట పడేదాన్ని సూది కూడా పొడుచుకుని బయటికొస్తుంది. కడిగి ఆరబెట్టి, మొదటి సూది వేయకముందే మార్కర్‌తో ‘సూదులు – తెరవొద్దు’ అని పెద్దగా రాయండి. నిండాక రాద్దాం అనుకుంటే మరిచిపోతారు.

సిరంజి అయితే వాడిన వెంటనే మూత పెట్టకుండా నేరుగా డబ్బాలో వేయాలి. ఇంట్లో సూది గుచ్చుకునేది ఎక్కువగా ఒక చేత్తో సిరంజి, ఇంకో చేత్తో మూత పట్టుకుని మళ్లీ తొడిగేటప్పుడే. ఇన్సులిన్ పెన్ను అయితే సూదిని విప్పాలి కాబట్టి దారి వేరు. పెద్ద బయటి మూతను బల్ల మీద నిలబెట్టి, రెండో చేయి తగలకుండా పెన్నును దాంట్లోకి దించి, నొక్కి, మూతతో సహా తిప్పి ఊడదీయండి. వేలు గుచ్చే లాన్సెట్లు కూడా ఇదే డబ్బాలోకి. రక్తం అంటిన దూది, స్ట్రిప్పులు ఇందులో కుక్కొద్దు. వాటివల్ల డబ్బా రెండు వారాల్లో నిండిపోతుంది. వాటిని కాగితంలో చుట్టి ప్యాడ్లు, డైపర్లు వేసే శానిటరీ చెత్తతో ఇవ్వండి.

ముప్పావు వంతు నిండితే అక్కడితో ఆపాలి. ఇంకా పడుతుందని వేలితో నొక్కడమే అసలు ప్రమాదం. మూత బిగించి, చుట్టూ టేపు వేసి, ఇక తెరవకండి. ఆస్పత్రుల్లో సూదులకు తెల్లని, గుచ్చుకోని ప్రత్యేక డబ్బా ఉంటుంది. మీరు చూపించుకునే డాక్టరు దగ్గర, మూసిన డబ్బా తీసుకుంటారా అని ముందే అడిగి పెట్టుకోండి. కొన్నిచోట్ల తీసుకుంటారు. కాదంటే బండివాళ్ల చేతికే ఇచ్చి, ‘ఇందులో సూదులున్నాయన్నా’ అని నోటితో చెప్పండి. వేరే మూటలో దాచి పంపొద్దు.

పాదరసం: ట్యూబులైట్లు, సీఎఫ్ఎల్‌లు, పాత జ్వరం థర్మామీటరూ

ముందు చేతిలో ఉన్నది ఎల్ఈడీనా, పాతరకం గాజు ట్యూబా అన్నది తేల్చుకోండి. రెండు కొసలా నల్లబడి, గొట్టమంతా గాజుదే అయితే అందులో పాదరసం ఉంది. వెనుకవైపు అల్యూమినియం పట్టీయో ప్లాస్టిక్కో ఉంటే ఎల్ఈడీ. దానిలో పాదరసం ఉండదు, పాత ఛార్జర్లు, కేబుళ్లతో కలిపి ఈ-వేస్ట్ కింద ఇవ్వొచ్చు.

ఒక సీఎఫ్ఎల్‌లో ఉండేది కొద్ది మిల్లీగ్రాముల పాదరసమే. పగలనంత సేపూ దాంతో ఇబ్బంది లేదు. అందుకే పగలకుండా పంపడమే ఇందులో మొత్తం విద్య. కొత్త ట్యూబు వచ్చిన అట్ట గొట్టాన్ని పారేయకుండా పాతదాన్ని అందులోకి తోయండి. అది లేకపోతే నాలుగు మడతల దినపత్రిక చుట్టి మూడు చోట్ల తాడు కట్టండి. డబ్బాలో పట్టడానికి ట్యూబును మధ్యకు విరిచేవాళ్లు ఉన్నారు. ఆ ఆవిరి ముందుగా పోయేది విరిచినవాళ్ల ముక్కులోకే.

పగిలిపోతే ఫ్యాను, ఏసీ ఆపి, కిటికీలు తెరిచి, పిల్లల్ని బయటికి పంపి 10 నిమిషాలు ఆగండి. చీపురు పట్టొద్దు, వాక్యూమ్ క్లీనరు అసలే వద్దు. చీపురుతో పొడి గదంతా పరుచుకుని చీపురుకూ అంటుకుంటుంది, ఆ తర్వాత రోజూ ఊడ్చినప్పుడల్లా మళ్లీ లేస్తుంది. పెళ్లి శుభలేఖలాంటి రెండు గట్టి అట్టలతో ముక్కల్ని ఎత్తి గాజు సీసాలో వేయండి. మిగిలిన పొడిని టేపుతో అద్ది, చివర తడి కాగితంతో తుడిచి అవి కూడా సీసాలోకే.

పాత గాజు థర్మామీటర్ ఇంకా బరువైన సంగతి. దానిలో సుమారు అర గ్రాము నుంచి గ్రాము దాకా పాదరసం ఉంటుంది. అది పగిలితే మొట్టమొదట చేతి గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టండి. పాదరసం బంగారాన్ని పట్టేసుకుంటుంది, తగిలిన చోట తెల్లగా మారి ఆ నగ పాడవుతుంది. వెండి పూసల్లా దొర్లే బొట్లను రెండు అట్టలతో ఒకచోటికి తోసి, ఇంకు ఫిల్లర్‌తోనో మందు డ్రాపర్‌తోనో పీల్చి, కొంచెం నీళ్లున్న చిన్న సీసాలోకి వదిలి మూత బిగించండి. నీళ్లు పైన ఉంటే ఆవిరి లేవదు. సింకులో వేస్తే గొట్టం వంపులోనే కూర్చుండిపోతుంది. అరచేతిలో దొర్లించి ఆడుకోవడానికి పిల్లలకు అస్సలు ఇవ్వొద్దు.

బ్యాటరీలు

రిమోటు, గోడ గడియారం సెల్లులు పెద్ద సమస్య కాదు. రెండు కొసలకూ టేపు అంటించి డబ్బాలో వేయండి. నాణెంలాంటి బటన్ సెల్లుకు రెండు వైపులా టేపు వేసి, వెంటనే పిల్లల కంట పడని చోటికి చేర్చాలి. చిన్నపిల్లలు మింగితే రెండు గంటల్లోనే గొంతుగొట్టం కాలిపోతుంది.

భయపడాల్సింది ఉబ్బిన ఫోను బ్యాటరీకి, పవర్ బ్యాంకుకి. వెనుక మూత పైకి లేచిందంటే లోపల గ్యాసు చేరింది. ఛార్జింగు పెట్టొద్దు, నొక్కి మళ్లీ కూర్చోబెట్టొద్దు, గాలి పోతుందని పిన్నుతో పొడవొద్దు. స్టీలు డబ్బా అడుగున రెండంగుళాల పొడి ఇసుక పోసి, బ్యాటరీని పెట్టి, పైన మరింత ఇసుక పోసి, మూతను బిగించకుండా ఊరికే ఆనించి ఇంటి బయట నీడలో ఉంచండి. వీలైనంత త్వరగా ఫోన్లు బాగుచేసే అంగడికో, పాత పరికరాలు తీసుకునే అధికారిక సర్వీసు సెంటరుకో చేర్చండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీల సేకరణ బాధ్యత తయారీదారుదే. ఉబ్బిన బ్యాటరీ పొడి చెత్తలో కలిసి బండిలో నలిగితే కాగితాలతో సహా అంటుకుంటుంది.

ఇన్వర్టర్ బ్యాటరీ 50 కిలోలకు పైనే ఉంటుంది, దానికి ధర కూడా ఉంది. కొత్తది కొనేటప్పుడే అంగడిలో మార్చుకుని, పాతదానికి ఎంత తగ్గించారో బిల్లులో రాయించుకోండి. గుజిరీకి అమ్మితే నాలుగు రూపాయలు ఎక్కువ రావచ్చు. కానీ కొన్నిచోట్ల యాసిడ్‌ను కాలువలో పారబోసి సీసం కరిగిస్తారు, ఆ పొగ పీల్చేది ఆ వీధి పిల్లలే. ఆ నాలుగు రూపాయలు వదులుకోండి. మోసేటప్పుడు నిలువుగానే ఉంచాలి. యాసిడ్ ఒలికితే వంటసోడా చల్లి, నురగ రావడం ఆగాక నీళ్లతో కడగండి.

మందులు

గడువు దాటిన మాత్రల్ని మరుగుదొడ్లో వేయడం, సిరప్పును సింకులో పోయడం అలవాటైన పని. యాంటీబయాటిక్కులు అలా నీళ్లలో కలిస్తే, మందుకు లొంగని సూక్ష్మక్రిములు పెరగడానికి దారి అవుతుంది. నిండు స్ట్రిప్పులు చెత్తలో వేస్తే ఇంకో బెడద, ఎవరైనా ఏరుకుని వాడొచ్చు.

మాత్రల్ని స్ట్రిప్పుల్లోంచి తీయండి, నూరొద్దు. వాడేసిన టీ పొడి, మట్టి సమానంగా కలిపి ఆ మాత్రలు వేసి, సిరప్పులు కూడా దాంట్లోనే పోసి, ముద్దయ్యాక కవరులో కట్టి ఎర్ర డబ్బాలో వేయండి. టీ పొడి వల్ల పశువూ మూతి పెట్టదు, మనిషీ ఏరుకోడు. సీసా మీద రోగి పేరున్న చీటీ చించండి. ఉబ్బసం ఇన్‌హేలర్‌లో గ్యాసు ఒత్తిడి ఉంటుంది, కాల్చొద్దు, గుచ్చొద్దు. ఫెంటనిల్ ప్యాచ్‌లాంటి బలమైన నొప్పి మందులకు నియమం వేరు. పొరపాటున ఒకటి పిల్లల చేతికి చిక్కినా ప్రాణం మీదికొస్తుంది కాబట్టి వాటిని వెంటనే మరుగుదొడ్లో వేసి ఫ్లష్ చేయమనే చెబుతారు.

పెయింటు, నూనె

గోడలకు వేసే ఎమల్షన్ మిగిలితే మూత తీసి, సమానంగా ఇసుకో రంపపు పొట్టో కలిపి నీడలో వదిలేయండి. మన ఎండాకాలంలో రెండు మూడు రోజుల్లో గడ్డ కడుతుంది. గడ్డను ఎర్ర డబ్బాలో, ఖాళీ ఇనుప డబ్బాను గుజిరీకి ఇవ్వండి. తలుపులకు వేసే ఎనామిల్ అయితే గాలి ఆడేచోట, పొయ్యికి దూరంగా ఆరనివ్వాలి. ఆ పెయింటు తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయొద్దు. ఆరేకొద్దీ వేడెక్కి వాటంతట అవే అంటుకోవచ్చు. విడివిడిగా తీగ మీద పరిచి ఆరబెట్టి అప్పుడు కట్టండి. బ్రష్షు కడిగిన థిన్నర్‌ను సీసాలో ఒక రోజు కదపకుండా ఉంచితే రంగు అడుగుకు దిగుతుంది, పైన తేటను మళ్లీ వాడుకోవచ్చు.

వేయించిన నూనె చెంచాడే అయితే కాగితంతో తుడిచేయండి. పండగకు బూరెలు, మురుకులు చేశాక లీటరు మిగిలితే చల్లార్చి పాత నూనె సీసాలోకి వంచి మూత పెట్టండి. ఎవరైనా కొంటామంటే బయోడీజిల్‌కా, బజ్జీల బండికా అని అడిగి తెలుసుకున్నాకే ఇవ్వండి.

ప్యాడ్లు, డైపర్లు, గాజు

డైపర్‌లోని మలాన్ని మరుగుదొడ్లో దులిపి, గట్టిగా చుట్టి, దినపత్రికలో మడిచి, పైన ఎర్ర మార్కర్‌తో గుండ్రటి గుర్తు పెట్టండి. ప్యాడ్లకూ అంతే. పగిలిన గాజును పాత అట్టపెట్టెలో పెట్టి టేపు వేసి ‘గాజు’ అని రాయండి. అన్నం, తొక్కలు ఉన్న కవరులో మాత్రం గాజు ముక్క పడకూడదు. మన వీధుల్లో ఆవులు ఆ ముడి విప్పలేవు, కవరుతో సహా మింగుతాయి.

ఏదీ తోచక అన్నీ కుప్పపోసి అంటించేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. బహిరంగంగా చెత్త కాల్చితే 5,000 రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది.

పరుపులు

బూరుగు దూది పరుపుకు ఇంకా ఆయుష్షు ఉంది, దూది ఏకేవాళ్లు విప్పి, ఏకి, కొత్త గలీబుతో మళ్లీ కుట్టిస్తారు. ఫోమ్ పరుపు, విరిగిన సోఫా రోజువారీ బండిలో పట్టవు. సచివాలయంలో చెప్పి ట్రాక్టరు వచ్చే రోజు తెలుసుకుని, ఆ పొద్దునే బయట పెట్టండి. ముందు రోజు పెడితే వానకు తడిసి ఇద్దరు కూడా ఎత్తలేని బరువవుతుంది.

దేవుడి పటాలు

వెంకటేశ్వరస్వామి పటం లేని ఇల్లు ఈ ఊళ్లో ఉండదు. రంగు వెలిసినవి, అద్దం పగిలినవి రావిచెట్టు మొదట్లో పెట్టేసి వస్తాం. అవి అక్కడే వానకు నాని, అద్దం ముక్కలై, చెప్పుల్లేకుండా ప్రదక్షిణ చేసేవాళ్ల కాళ్లలో దిగుతాయి. భక్తితో చేసిన పని అలా ముగియకూడదు.

దీపం పెట్టి ఒక నమస్కారం చేసుకుని పటాన్ని బోర్లించండి. వెనుక అట్టను పట్టి ఉంచే చిన్న మేకుల్ని పట్టకారుతో వెనక్కి వంచి ఒక్కొక్కటే లాగాలి. అట్ట తీసి, బొమ్మ తీసి, అద్దాన్ని చివరగా రెండు అంచులూ పట్టుకుని పైకి ఎత్తండి. మామూలు కాగితం బొమ్మ అయితే బకెట్ నీళ్లలో చిటికెడు పసుపు వేసి ఒక రాత్రి నానబెడితే మెత్తబడుతుంది, పిసికి పూలమొక్క పాదులో పూడ్చండి. గోరుతో గీకితే పైపొర లేచే ల్యామినేషన్ బొమ్మలు, బంగారు రేకు పటాలు ప్లాస్టిక్కే, ఎన్నాళ్లైనా నానవు. వాటిని తెల్లకాగితంలో చుట్టి పొడి చెత్తలో విడిగా ఇవ్వండి. కాలెండర్లకు పైనా కిందా ఉండే రేకు పట్టీని మొదట ఊడదీయాలి, దాని అంచు బ్లేడులా కోస్తుంది. చెక్క చట్రం బాగుంటే పటాలు కట్టే అంగడివాళ్లు తీసుకుంటారు. రేకు పట్టీలు, మేకులు ఒక డబ్బాలో వేసి పెట్టి, ఈసారి గుజిరీ అతను వచ్చినప్పుడు ఇవ్వండి.