కణానికి వెలుగు తగిలితే – 4వ పాఠం: వేడి వేరు, దెబ్బ వేరు

పోయిన పాఠంలో ఇచ్చిన పెట్టె ప్రయోగం చాలామందికి బెడిసికొట్టింది. చెప్పుల అట్టపెట్టెకు ఒక పక్క చిల్లు పెట్టి, లోపల మొలకలుంచి, అవి ఎటు వంగుతాయో చూడమన్నాను. విజయవాడవాళ్లలో ఎక్కువమంది పెట్టెను డాబా ఎక్కించేశారు. సాయంత్రానికి మొలకలు మాడిపోయాయి. "రేడియేషన్‌కి కణాలు చచ్చిపోయాయండీ" అని తీర్పు కూడా వాళ్లే రాసేశారు. గుంటూరులో ఒకావిడ మాత్రం వంటగట్టు మీద, కిటికీకి ఎదురుగా పెట్టారు. ఆవిడ మొలకలు చక్కగా చిల్లు వైపు తిరిగాయి.

బెజవాడ మే ఎండలో మూసిన అట్టపెట్టె లోపల ఎంత ఉడుకుంటుందో నేను చెప్పాలా? నీరు ఆవిరైపోయింది, కణాల్లో ప్రొటీన్లు రూపు చెడ్డాయి, మొలక పోయింది. లోపలికి వచ్చిన వెలుగు ఆ కాస్త చిల్లులోంచి వచ్చినదే. నేరం వేడిది, శిక్ష వెలుగుకి.

ఈ గందరగోళం తీరితే తప్ప ముందుకు వెళ్లలేం. కాబట్టి ఈ వారం అనుకున్న కిరణజన్య సంయోగక్రియ వాయిదా. డీఎన్‌ఏ అంటే ఏమిటో స్కూల్లో చదివే ఉంటారు, అదీ వదిలేస్తున్నాను.

వెలుగు ఫోటాన్లుగా, అంటే విడివిడి శక్తి పొట్లాలుగా, వస్తుంది. కణంలోని ఏదో ఒక అణువు ఒక ఫోటాన్‌ని మింగితేనే కథ మొదలవుతుంది. ఆ ఒక్క ఫోటాన్‌లో పనికి సరిపడా శక్తి ఉందా, లేదా అన్నదే అసలు ప్రశ్న. చెట్టు మీద మామిడికాయ రాలాలంటే గుప్పెళ్లతో ఇసుక ఎంత విసిరినా లాభం లేదు, ఒక్క రాయి తగలాలి.

రాయి ఎంతదో తెలుసుకోవడానికి నేను వాడే అడ్డదారి ఒకటుంది. 1240ని నానోమీటర్లలో ఉన్న తరంగదైర్ఘ్యంతో భాగించండి. వచ్చేది ఒక ఫోటాన్ శక్తి, ఎలక్ట్రాన్ వోల్టుల్లో (ఇంత చిన్న శక్తుల్ని కొలిచే ప్రమాణం). పెద్ద పెద్ద సూత్రాలు బట్టీ పట్టే పనే లేదు.

ఎరుపు 660 కాబట్టి 1.9. నీలం 450 కాబట్టి 2.75. మొక్క కణాల్లో ఫోటోట్రోపిన్ అనే ప్రొటీన్ నీలాన్ని పట్టుకుంటుంది. అప్పుడు ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోన్ నీడ వైపుకు ఎక్కువగా చేరుతుంది, అటు కణాలు ఎక్కువ సాగుతాయి, మొలక వెలుగు వైపు వంగుతుంది. ఎరుపుని పట్టేది వేరే ప్రొటీన్, ఫైటోక్రోమ్. దాని సంగతి మళ్లీ ఎప్పుడైనా.

అతినీలలోహితంలో 260 దగ్గర 4.8 వస్తుంది. డీఎన్‌ఏ బాగా మింగేది అక్కడే. డీఎన్‌ఏ అక్షరాల్లో ఒకటైన థైమిన్‌లు రెండు పక్కపక్కనుంటే ఒకదానికొకటి అతుక్కుపోతాయి, కణం ఆ చోట కాపీ తీయలేక తడబడుతుంది. అయితే ఎండలోని ఈ 260ని ఓజోన్ పైనే ఆపేస్తుంది. కింద చర్మాన్ని కమిలించేది 290 దాటిన భాగం. దాన్ని కూడా మామూలు కిటికీ అద్దం చాలావరకు ఆపుతుంది. అద్దం వెనక కూర్చున్నా ఒళ్లు చుర్రుమంటుంది కదా అంటారు. అది వేడి! మళ్లీ అక్కడికే వస్తున్నారు.

సెల్ టవర్ తరంగాలు కణాల్ని పాడుచేస్తాయా అని ప్రతి పాఠం కింద వచ్చే ప్రశ్నకీ ఇదే భాగహారం. 2 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 15 సెంటీమీటర్లు, అంటే 15 కోట్ల నానోమీటర్లు. 1240ని దానితో భాగిస్తే 0.000008. ఇంట్లో ట్యూబ్‌లైట్ వెలుగులోని ఫోటాన్ కంటే లక్ష రెట్లకు పైగా తక్కువ. డీఎన్‌ఏని తెంచే శక్తి దానికి లేదు. బాగా బలంగా ఉంటే వేడి చేయగలదు, అంతే.

ఇప్పుడు అవతలి కొసకు వెళ్దాం. రేడియోధార్మిక కోబాల్ట్-60 నుంచి వచ్చే గామా ఫోటాన్లలో శక్తి 11.7 లక్షలు, 13.3 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. మనిషి ఒళ్లంతటికీ ఒక్కసారిగా 4 గ్రేలు తగిలి, వైద్యం అందకపోతే బతుకు సగం సగం మీద ఉంటుంది. 4 గ్రేలంటే కిలోకి 4 జౌళ్లు. దాంతో ఒంటి వేడి పెరిగేది డిగ్రీలో వెయ్యో వంతు. జ్వరం కొలిచే థర్మామీటర్‌కి కూడా అందదు. మరి మనిషిని చంపేదేమిటి? గామా కిరణాలు కణంలోని నీటిని చీల్చి హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే, దేనితోనైనా ఇట్టే చర్య జరిపే ముక్కల్ని పుట్టిస్తాయి, అవి డీఎన్‌ఏని తెంచుతాయి. నేరుగా తగిలిన దెబ్బలూ ఉంటాయి. ఎముక మజ్జ, పేగు లోపలి పొర, జుట్టు కుదుళ్లు లాంటి చురుగ్గా విభజన జరిగే చోట్లే ముందు దెబ్బతింటాయి. ఈ సంగతి 1906లోనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు బెర్గోనియే, ట్రిబోండో గమనించారు.

సాధన. ఈసారి గోధుమలే వాడండి, మెంతులు నాకు నచ్చవు, వంకరలు తిరిగి విసిగిస్తాయి. మూడు పెట్టెలు. ఒకదాని చిల్లుకు నీలం గ్లాసు పేపరు (పారదర్శకంగా ఉండే రంగు కాగితం), ఒకదానికి ఎరుపు, మూడోదాని చిల్లుకు ఏమీ వద్దు. పేపర్లు వన్‌టౌన్ స్టేషనరీ షాపుల్లో దొరుకుతాయి, రెండేసి పొరలు వేయండి. మూడూ ఇంట్లో ఒకే గట్టు మీద, ప్రతి పెట్టెలో ఒక థర్మామీటర్. మొలక అంగుళం లేచాక పొద్దున్నుంచి రాత్రి దాకా రెండు గంటలకోసారి వంపు కోణం, వేడి రెండూ రాయాలి. మూడు పెట్టెల వేడిలో రెండు డిగ్రీలకు మించి తేడా వస్తే ఆ రోజు లెక్క కొట్టేసి మళ్లీ మొదలుపెట్టండి. ప్రతి పెట్టెలో సగం మొలకల కొనలకు అల్యూమినియం ఫాయిల్ టోపీ పెట్టండి. 1880 నాటి పుస్తకంలో డార్విన్ ఇలాంటి టోపీల ప్రయోగమే గడ్డి మొలకల మీద రాశాడు.

ఎరుపు పెట్టెలో కూడా వంగితే ముందు పేపర్ని అనుమానించండి. పాత సీడీ మీద పడిన బల్బు వెలుగుని ఆ పేపరులోంచి చూడండి. నీలం గీత కనిపించిందంటే మూడో పొర వేయాల్సిందే.