సీసాలో విద్యుద్దర్శిని: తయారీ, పరీక్షించే పద్ధతి

ఇంగ్లండులో అబ్రహాం బెన్నెట్ 1787లో వెలువరించిన విద్యుద్దర్శినిలో గాజుపాత్రలో వేలాడే రెండు పలుచని బంగారు రేకులే స్థిర విద్యుత్తును పట్టి చూపేవి. బంగారానికి బదులు వంటింటి అల్యూమినియం ఫాయిల్‌తో అదే పరికరాన్ని మనం చేసుకోవచ్చు. అయితే అందరూ రేకుల మీదే శ్రద్ధ పెడతారు గానీ, అది పనిచేయడం, చేయకపోవడం చాలావరకు తీగ చుట్టూ ఉండే బంధకాన్ని, అంటే విద్యుత్తును పోనివ్వని పదార్థాన్ని, బట్టి ఉంటుంది.

వెడల్పు మూతి గల గాజు సీసాను కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టండి. ప్లాస్టిక్ మూతకు రూపాయి బిళ్లంత రంధ్రం చేసి, దాని నడుమ మందపాటి రాగి తీగను నిలిపి, చుట్టూ కరిగిన కొవ్వొత్తి మైనం పోసి గట్టిపడనివ్వండి. తీగ మోటారు చుట్టలోనిదైతే దానిపై వార్నిషు పూత ఉంటుంది కాబట్టి రెండు కొనలనూ ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్దాలి. పై కొనకు ఫాయిల్‌ను ఉండగా బిగించి, కింది కొనను కొక్కెంలా వంచి, నాలుగు సెంటీమీటర్ల పొడవు, అర సెంటీమీటరు వెడల్పు గల రెండు రేకులను ఒకదానికొకటి ఆనేలా తగిలించండి. రేకు ముడతపడితే బల్లపై పరచి చెంచా వీపుతో నెమ్మదిగా రుద్దితే చదునవుతుంది.

పొడి జుట్టుకు రుద్దిన ప్లాస్టిక్ స్కేలుకు సాధారణంగా రుణావేశం వస్తుంది. దాన్ని తగలకుండా ఉండ దగ్గర పట్టుకుని, ఉండను వేలితో తాకి, ముందు వేలిని, ఆ తర్వాతే స్కేలును తీయండి. ఈ వరుస తప్పితే ఆవేశం నిలవదు. రేకులు ధనావేశంతో విడిపోయి నిలిచాక, పరీక్షించవలసిన వస్తువును దూరం నుంచి మెల్లగా దగ్గరకు తెండి. రేకులు మరింత ఎడమైతే దానికి ధనావేశం ఉన్నట్లే. దగ్గరైతే మాత్రం రుణావేశమని తేల్చకండి, ఏ ఆవేశమూ లేని అరచేతిని తెచ్చినా అవి దగ్గరవుతాయి. రుణావేశాన్ని నిర్ధారించాలంటే పరికరాన్ని స్కేలుతో నేరుగా తాకించి రుణావేశితం చేసి, అప్పుడూ రేకులు ఎడమవుతాయేమో చూడాలి. వానాకాలంలో సీసాలోనూ మైనం మీదా తేమ చేరి రేకులు త్వరగా వాలిపోతాయి, కనుక పొడి రోజు చూసుకోవడం మేలు.

ఈ పరికరం క్షేత్రబలాన్ని, అంటే చుట్టూ ఉన్న విద్యుత్ ప్రభావం ఎంత బలంగా ఉందో, అంకెల్లో చెప్పలేదు. అందుకు ఫీల్డ్ మిల్ కావాలి: అందులో ఎర్త్ చేసిన తిరిగే రెక్కలు కింది పలకలను మాటిమాటికీ మూసి తెరుస్తుంటాయి, అప్పుడు పుట్టే ఏకాంతర (దిశ మారుతూ ఉండే) విద్యుత్ సంకేతాన్ని కొలుస్తారు. ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు నేల దగ్గర మీటరుకు సుమారు 100 వోల్టుల క్షేత్రం ఉంటుంది. ఉరుముల మేఘం కింద అది వేల వోల్టులకు చేరుతుంది. అలాంటి వేళ విద్యుద్దర్శినిని, దానికి తగిలించిన తీగనూ ఆరుబయటికి తీసుకెళ్లవద్దు.