ప్రింట్ వస్తోంది, స్కాన్ రావడం లేదు: లైనక్స్‌లో ఆల్‌ఇన్‌వన్ మెషీన్ సమస్యలు - పరిష్కారాలు

ఆల్‌ఇన్‌వన్ మెషీన్ మనకు ఒకటే డబ్బా. లైనక్స్‌కి మాత్రం అందులో రెండు పరికరాలున్నట్టు లెక్క. ప్రింట్ సంగతి కప్స్ అనే సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది, స్కాన్ సంగతి సేన్ అనే సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. ఒకదాని డ్రైవర్‌తో రెండోదానికి సంబంధం లేదు. అందుకే "ప్రింట్ బాగానే వస్తోంది కదా, స్కాన్ ఎందుకు రాదు" అన్న ప్రశ్న దగ్గర చాలామంది ఆగిపోయి, ప్రింటర్ డ్రైవర్‌నే తీసి మళ్లీ మళ్లీ వేస్తుంటారు. దానివల్ల స్కానర్‌కి ఒరిగేదేమీ లేదు. కేబుల్, కెర్నల్ (లైనక్స్ గుండెకాయ), అనుమతి, బ్యాకెండ్ (సేన్ తరఫున స్కానర్‌తో మాట్లాడే డ్రైవర్), చివర స్కాన్ ప్రోగ్రామ్. గొలుసు ఈ వరుసలో ఉంటుంది. ఎక్కడ తెగిందో ముందు తేల్చుకుంటే మిగతా పని పది నిమిషాలది.

కంప్యూటర్ ముట్టుకునే ముందు మెషీన్ మీదే ఒక జిరాక్స్ తీయండి. జిరాక్స్ వచ్చిందంటే స్కానర్ దీపం, సెన్సర్, మోటారు అన్నీ పనిచేస్తున్నాయి. తప్పు కంప్యూటర్ వైపో, కేబుల్‌లోనో ఉంది. రాకపోతే ఇక్కడ చదవడం ఆపి మెకానిక్‌కి చూపించండి.

లక్షణం: కంప్యూటర్‌కి మెషీన్ ఉన్నట్టే తెలియడం లేదు

టెర్మినల్లో (కమాండ్లు కొట్టే కిటికీలో) ఎల్ఎస్‌యూఎస్‌బీ అని కొట్టండి, తగిలించిన యూఎస్‌బీ పరికరాల జాబితా వస్తుంది. వచ్చే ప్రతి వరుసలో ఐడీ అని ఉండి, పక్కన నాలుగేసి అక్షరాల జంట ఉంటుంది. మొదటి నాలుగూ కంపెనీవి: 03ఎఫ్0 హెచ్‌పీ, 04బీ8 ఎప్సన్, 04ఏ9 కెనాన్, 04ఎఫ్9 బ్రదర్, 04ఈ8 శామ్‌సంగ్. మీ మెషీన్ వరుస అందులో లేకపోతే ఏ డ్రైవరూ పనికిరాదు. కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్ కమాండ్‌లో "డివైస్ డిస్క్రిప్టర్ రీడ్, ఎర్రర్ -71" లాంటి మాట కనబడితే కేబుల్నో, పోర్టునో, మధ్యలో పెట్టిన హబ్‌నో అనుమానించాలి. హబ్ తీసేసి, పొట్టి కేబుల్‌తో నేరుగా పోర్టుకి తగిలించండి. యూఎస్‌బీ 2.0 కేబుల్‌కి 5 మీటర్లే హద్దు. టేబుల్ ఆ చివర ఉన్న మెషీన్‌కి ఎక్స్‌టెన్షన్ కేబుల్ అతికించిన చోట ఈ బాధ ఎక్కువ.

హెచ్‌పీ లేజర్‌జెట్ ఎం1136 లాంటి మోడళ్లలో ఇంకో సంగతి ఉంది. స్మార్ట్ ఇన్‌స్టాల్ అనే ఏర్పాటు వల్ల అవి తగిలించగానే ప్రింటర్‌లా కాక సీడీ డ్రైవ్‌లా పలకరిస్తాయి. ఎల్ఎస్‌యూఎస్‌బీ హైఫన్ టి అని కొడితే "మాస్ స్టోరేజ్" అని కనబడుతుంది. యూఎస్‌బీ మోడ్‌స్విచ్ ప్యాకేజీ వేస్తే మెషీన్ అసలు రూపానికి మారుతుంది. విండోస్ కంప్యూటర్ దొరికితే కంపెనీ యుటిలిటీతో స్మార్ట్ ఇన్‌స్టాల్‌ని ఒకసారి ఆపేయడం మరీ మేలు.

లక్షణం: మెషీన్ కనబడుతోంది, స్కాన్ ప్రోగ్రామ్ మాత్రం "స్కానర్ లేదు" అంటోంది

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. స్కాన్‌ఇమేజ్ అని కొట్టి, ఖాళీ వదిలి, హైఫన్, పెద్ద ఎల్ కొట్టండి. సేన్‌కి తెలిసిన స్కానర్లన్నీ చెబుతుంది. ఏమీ చెప్పకపోతే అదే కమాండ్‌ని ముందు సుడో (అడ్మిన్ అధికారంతో నడిపించే మాట) పెట్టి మళ్లీ కొట్టండి.

సుడోతో వచ్చి, మామూలుగా రాకపోతే అది అనుమతుల గొడవ. డెబియన్, ఉబుంటుల్లో మీ యూజర్‌ని స్కానర్ గ్రూపులో చేర్చండి. ఎల్‌పీ గ్రూపు పేరుతో అనుమతి ఉంటే అందులోనూ చేర్చాలి. చేర్చాక లాగవుట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. ఈ ఒక్కటి మరిచిపోయి "చేర్చినా రావడం లేదు" అనుకునేవాళ్లు చాలామంది. డ్రైవర్ కొత్తగా వేసినప్పుడు కేబుల్ ఒకసారి ఊడదీసి పెట్టండి. తగిలించిన పరికరాలను గుర్తించి అనుమతులిచ్చే యూడెవ్ నియమాలు అప్పుడే ఆ పరికరానికి వర్తిస్తాయి.

సుడోతో కూడా రాకపోతే బ్యాకెండ్ లేదన్నమాట. అది కంపెనీని బట్టి మారుతుంది.

హెచ్‌పీకి హెచ్‌పీలిప్ అనే డ్రైవర్ ప్యాకేజీ, దాంతోపాటు సేన్‌కి సంబంధించిన హెచ్‌పీఏఐఓ ప్యాకేజీ కావాలి. కొన్ని మోడళ్లు ప్లగిన్ లేనిదే కదలవు. హెచ్‌పీ హైఫన్ ప్లగిన్ అనే కమాండ్ దాన్ని దించుతుంది. ప్లగిన్ వెర్షన్, హెచ్‌పీలిప్ వెర్షన్ ఒకటే ఉండాలి. నిన్నటిదాకా చక్కగా స్కాన్ అయిన మెషీన్ సిస్టమ్ అప్‌గ్రేడ్ మర్నాడు ఆగిపోయిందంటే నేను ముందు చూసేది ఇదే. అదే కమాండ్ మళ్లీ కొడితే సరిపోతుంది.

బ్రదర్‌కి బీఆర్‌స్కాన్4 గానీ బీఆర్‌స్కాన్5 గానీ కంపెనీ సైటు నుంచి దించుకోవాలి. మోడల్‌ని బట్టి ఏదో ఒకటే పనిచేస్తుంది. పాత ప్యాకేజీలు తమ లైబ్రరీలను యూఎస్ఆర్ కింద లిబ్64 ఫోల్డర్లో పెడతాయి, డెబియన్ జాతి సిస్టమ్‌లు ఎక్స్86_64 పేరున్న వేరే ఫోల్డర్లో వెతుకుతాయి. డ్రైవర్ ఉండీ లేనట్టే. అక్కడి ఫైళ్లకు ఇక్కడ సింబాలిక్ లింకులు (అసలు ఫైలు దారి చూపే గుర్తులు) పెడితే వెంటనే కనబడుతుంది.

ఎప్సన్ ఇంక్ ట్యాంక్ మెషీన్లకు ఎప్సన్ స్కాన్ 2 వేయండి. కెనాన్‌కి చాలావరకు సేన్‌లోనే ఉన్న పిక్స్‌మా సరిపోతుంది. శామ్‌సంగ్‌కి జిరాక్స్_ఎంఎఫ్‌పీ. అన్నీ వేసినా రాకపోతే ఈటీసీ కింద సేన్.డి ఫోల్డర్లో డీఎల్ఎల్.కాన్ఫ్ ఫైలు తెరిచి, మీ బ్యాకెండ్ పేరు ముందు హ్యాష్ గుర్తు (#) ఉందేమో చూడండి; అది ఉన్న పేరును సేన్ పట్టించుకోదు. ఉంటే తీసేయండి. రాస్ప్‌బెర్రీ పై వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: కంపెనీల సొంత స్కాన్ డ్రైవర్లలో చాలావాటిని ఇంటెల్ తరహా ప్రాసెసర్లకే తయారుచేశారు.

లక్షణం: స్కాన్ నొక్కితే వేరే బొమ్మ వస్తోంది

మా పెదనాన్నగారింట్లో ఎక్స్‌సేన్ అనే స్కాన్ ప్రోగ్రామ్ తెరిచి పాస్‌బుక్ పేజీ స్కాన్ చేయబోతే తెర మీద తిరుగుతున్న సీలింగ్ ఫ్యాన్ వచ్చింది. ల్యాప్‌టాప్ కెమెరా! సేన్‌లో వీ4ఎల్ అనే బ్యాకెండ్ వెబ్‌క్యామ్‌ని కూడా స్కానర్ల జాబితాలో చేరుస్తుంది. అసలు స్కానర్ దొరక్క, జాబితాలో అదొక్కటే మిగిలితే ఎక్స్‌సేన్ దాన్నే తెరుస్తుంది. డీఎల్ఎల్.కాన్ఫ్‌లో వీ4ఎల్ ముందు హ్యాష్ పెట్టేయండి. తర్వాత పై భాగానికి వెళ్లి అసలు స్కానర్‌ని వెతకండి.

లక్షణం: "డివైస్ బిజీ" అంటోంది, లేదా ఒకే మెషీన్ రెండుసార్లు కనబడుతోంది

ఈ సమస్య ఈమధ్య కాలానిది. 2021లో వచ్చిన డెబియన్ 11, ఆ కాలపు ఉబుంటుల నుంచి ఐపీపీ-యూఎస్‌బీ అనే సేవ రంగంలోకి దిగింది. కొత్త మెషీన్లను ఇది యూఎస్‌బీ కేబుల్ మీదే నెట్‌వర్క్ ప్రింటర్‌లా మార్చి, స్కాన్‌ని ఈఎస్‌సీఎల్ అనే నెట్‌వర్క్ స్కాన్ పద్ధతిలో అందిస్తుంది. మంచి ఏర్పాటే, ఎందుకంటే కంపెనీ డ్రైవర్ అక్కర్లేదు. కానీ ఒకసారి మెషీన్‌ని పట్టుకుందంటే అదే యూఎస్‌బీ దారిలో రావాల్సిన పాత డ్రైవర్‌కి చోటివ్వదు.

సుడో ఐపీపీ-యూఎస్‌బీ చెక్ అని కొడితే మీ మెషీన్ ఈ జాబితాలో ఉందో లేదో తెలుస్తుంది. ఉంటే నా సలహా ఇది: కంపెనీ డ్రైవర్ తీసేసి, ఆ పద్ధతి తెలిసిన సేన్-ఎయిర్‌స్కాన్ బ్యాకెండ్ వేసి, ఈఎస్‌సీఎల్ అని ఉన్న పేరుతోనే స్కాన్ చేయండి. అలా స్కాన్ సరిగా రాకపోతేనే సేవలను నడిపే, ఆపే సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌తో ఐపీపీ-యూఎస్‌బీని ఆపి, కేబుల్ తీసి పెట్టి పాత దారి ప్రయత్నించండి. అది పనిచేస్తే శాశ్వతంగా ఆపడానికి డిజేబుల్ చాలదు, మాస్క్ చేయాలి (ఎవరూ లేపకుండా పూర్తిగా మూసేయాలి); లేకపోతే మెషీన్ తగిలించగానే యూడెవ్ దాన్ని మళ్లీ లేపుతుంది. అయితే ప్రింటర్ కూడా దాని మీదే ఆధారపడి ఉంటే ప్రింట్ ఆగిపోతుంది. అప్పుడు ప్రింటర్‌ని కొత్తగా చేర్చుకోవాలి.

లక్షణం: గాజు మీద కాగితం ఉన్నా "కాగితం లేదు" అంటోంది

స్కాన్ ప్రోగ్రామ్‌లో సోర్స్ ఏడీఎఫ్ (కాగితాలను తనంతట లాక్కునే పై ట్రే) అని ఉంది. ఫ్లాట్‌బెడ్‌కి (గాజు పలకకి) మార్చండి, అంతే.

లక్షణం: సగం పేజీ స్కాన్ అయి ఆగిపోతోంది

మొదటి స్కాన్ బాగా వచ్చి రెండోదానికి "డివైస్ ఐ/ఓ ఎర్రర్" వస్తే యూఎస్‌బీ 3 పోర్టుతో పొసగడం లేదేమో చూడాలి. సేన్_యూఎస్‌బీ_వర్క్‌అరౌండ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 1 ఇచ్చి ప్రోగ్రామ్ నడపండి. కుదిరితే యూఎస్‌బీ 2 పోర్టుకి మార్చండి. కాసేపు వదిలేసి వచ్చాక మాత్రమే ఆగుతుంటే కారణం ఆటోసస్పెండ్, అంటే వాడని యూఎస్‌బీ పరికరాన్ని నిద్రపుచ్చే ఏర్పాటు. కరెంటు ఆదా కోసం పవర్‌టాప్ ఆటో-ట్యూన్ నడిపినవాళ్లకు ఇది తరచూ ఎదురవుతుంది. సిస్ ఫోల్డర్లో ఆ పరికరం పవర్/కంట్రోల్ ఫైల్లో ఆటో బదులు ఆన్ అని రాస్తే అది నిద్రపోదు.

రిజల్యూషన్ కూడా చూసుకోండి. ఏ4 పేజీ రంగుల్లో 1200 డీపీఐ అంటే కుదించని డేటా 400 ఎంబీ దాటుతుంది. అదే 300 డీపీఐ అయితే 26 ఎంబీ. ర్యామ్ తక్కువున్న పాత ల్యాప్‌టాప్ మొదటిదానికి చతికిలపడుతుంది. ఒత్తులు, గుడులు స్పష్టంగా పడి టెస్సరాక్ట్‌తో తెలుగు అక్షరాలు గుర్తించాలన్నా మామూలు అచ్చు కాగితానికి 300 చాలు.