ఆబే కండెన్సర్: బొమ్మ ఒకపక్కకు జారుతుంటే ఎక్కడ చూడాలి

పాత జైస్ మైక్రోస్కోప్‌లో బొమ్మ సరిగ్గా రాకపోతే అందరి అనుమానమూ ఆబ్జెక్టివ్ (స్లైడ్‌కు దగ్గరగా ఉండే లెన్స్) మీదికే పోతుంది. స్పిరిట్‌తో రుద్దుతారు, విప్పుతారు, బాగున్న లెన్స్‌ను పాడుచేస్తారు. దయచేసి ముందు స్టేజి (స్లైడ్ పెట్టే బల్ల) కింద చూడండి. వెలుగును కూడగట్టి స్లైడ్ మీదికి పంపే ఆబే కండెన్సర్, వెలుగు దారిని వెడల్పు, సన్నం చేసే రేకుల తెర అయిన ఐరిస్, అద్దం అక్కడే ఉంటాయి.

వెలుగు చాలదు, లేదా మధ్యలోనే ఉంది

అద్దం ఏ వైపు ఉంది? కండెన్సర్ ఉన్నప్పుడు చదును వైపే వాడాలి. గుంట వైపు కండెన్సర్ తీసేసి చూసేటప్పటికి. ఆ తర్వాత కండెన్సర్‌ను స్లైడ్‌కు తాకీతాకనట్టు పైకి తీసుకురండి. ఈ రెండూ చూడనిదే స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు. 4 రెట్ల ఆబ్జెక్టివ్‌లో మాత్రం అంచులు నల్లబడటం లోపం కాదు, కండెన్సర్‌ను కాస్త దించితే సరిపోతుంది.

100 రెట్లలో సన్నని వివరాలు తేలడం లేదు

రెండు లెన్స్‌ల రకం మీద 1.20 అనీ, మూడు లెన్స్‌ల రకం మీద 1.40 అనీ చెక్కి ఉంటుంది. ఇది న్యూమరికల్ అపెర్చర్, అంటే వెలుగును ఎంత వెడల్పు కోణంలో పంపగలదో చెప్పే అంకె. కండెన్సర్ పై లెన్స్‌కూ స్లైడ్ అడుగుకూ మధ్య ఇమ్మర్షన్ నూనె (మైక్రోస్కోప్ కోసం వాడే నూనె) ఉంటేనే ఆ అంకెలకు విలువ. గాలి ఉంటే 1.0 దాటదు. స్లైడ్ పైన ఒక చుక్క వేసి, కింద వేయడం మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

ఫోకస్ తిప్పితే బొమ్మ పక్కకు జారుతుంది, ఒకవైపు నీడ పడుతుంది

అసలు తికమక ఇక్కడే. యేనాలో ఎర్న్‌స్ట్ ఆబే 1873లో తన కొత్త వెలుగు పరికరాన్ని వివరించినప్పుడు, నిటారు వెలుగుతో పాటు ఏటవాలు వెలుగు కూడా కావాలనుకున్నాడు. డయాటమ్ (గాజులాంటి గుల్ల ఉండే సూక్ష్మమైన నాచు) గుల్ల మీది గీతల్లాంటి సన్నని వివరాలు ఏటవాలు వెలుగులో బాగా తేలతాయి. అందుకే పెద్ద సబ్‌స్టేజిలో (స్టేజి కింద కండెన్సర్‌ను పట్టి ఉంచే భాగంలో) ఐరిస్‌ను పళ్లచక్రం మరతో పక్కకు జరపవచ్చు, ఆ జరిగిన ఐరిస్‌ను చుట్టూ తిప్పవచ్చు కూడా. చేతులు మారిన మైక్రోస్కోప్‌లలో ఆ మర పక్కకు తిరిగే ఉంటుంది. అదొక సౌకర్యమని తెలియనివాళ్లకు అది లెన్స్ జబ్బులా కనిపిస్తుంది.

ఇలా తేల్చుకోండి. 40 రెట్లలో స్లైడ్‌ను ఫోకస్ చేసి, ఐపీస్ తీసి, గొట్టంలోకి నేరుగా చూడండి. అడుగున గుండ్రటి వెలుగు బిళ్ల కనిపిస్తుంది. ఐరిస్‌ను మెల్లగా మూయండి. చిన్న రంధ్రం బిళ్ల మధ్యలో నిలిస్తే ఐరిస్ బాగానే ఉంది. ఓ అంచుకు చేరితే దొంగ దొరికినట్టే. రంధ్రం మధ్యలోనే ఉండి, ఐరిస్ తెరిచినప్పుడు బిళ్ల సగమే వెలిగితే తప్పు అద్దాన్ని నిలిపిన కోణానిది, ఐరిస్‌ది కాదు. ఈ తేడా పట్టుకోకపోతే అద్దాన్నీ ఐరిస్‌నూ ఒకదాని తప్పుకు ఇంకోదాన్ని తిప్పుతూ గంటలు పోతాయి.

మర తిప్పి రంధ్రాన్ని మధ్యకు తెచ్చాక, ఐరిస్‌ను ఒక చుట్టు తిప్పండి. చాలామంది వదిలేసే పరీక్ష ఇదే. రంధ్రం కదలకుండా ఉంటే కేంద్రం కుదిరింది. చిన్న వలయంలా తిరిగితే మర ఇంకా కొద్దిగా తిప్పాలి. తిరగకుండా ఒకేచోట, కానీ మధ్యకు దూరంగా నిలిస్తే ఐరిస్‌ను వదిలేసి, కండెన్సర్ తన గొట్టంలో సరిగ్గా కూర్చుందో లేదో, నోస్‌పీస్ (ఆబ్జెక్టివ్‌లు బిగించిన, తిరిగే పళ్లెం) క్లిక్ పడిందో లేదో చూడండి.

మర బిగుసుకుపోయి ఉంటే బలం ఉపయోగించవద్దు. ఎండిన పాత గ్రీజు పట్టి ఉంటుంది. లెన్స్ భాగాన్ని ముందే బయటికి తీసి, పళ్ల మీద మాత్రమే పెట్రోల్ తడి గుడ్డతో తుడిచి, కొత్త గ్రీజు పలుచగా రాయండి. ఐరిస్ రేకులకు మాత్రం నూనె తగలనివ్వకండి, అవి ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

అరుదైనవి

బూజు, తుప్పు పట్టిన రేకులు, చీలిన అద్దం కంటికి కనిపించేవే. లెన్స్‌లను అతికించే బాల్సమ్ జిగురు విడిపోయిందేమోనన్న భయం రెండు లెన్స్‌ల ఆబే విషయంలో అక్కర్లేదు, అందులో అతికించిన లెన్స్‌లే లేవు. అంచుల్లో రంగులు కనిపిస్తే అవి ఆ రూపకల్పనలోనే ఉన్నాయి. వాటిని తీసేయాలంటే ఆక్రోమాటిక్ కండెన్సర్ వేరే కొనాలి.