లంక ఊళ్లో పిల్లల ఆటస్థలం ఎలా ఏర్పాటు చేయాలి?

కోనసీమ లంకల్లో, అంటే గోదారి పాయల మధ్య దీవుల్లో, ఆటస్థలానికి చోటు చూడాలంటే ముందు గోదారిని అడగాలి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. 2022 జులైలో అయితే 25 లక్షలు దాటింది. ఏ హెచ్చరికకు మీ ఊళ్లో ఏ చోటు మునుగుతుందో పడవ నడిపేవాళ్లని, పెద్దవాళ్లని అడిగి కాగితం మీద గీసుకోండి. మొదటి హెచ్చరికకే మునిగే చోట సామాన్లు పాతితే డబ్బు ఏట్లో పోసినట్టే. ఒడ్డు కోతకు గురవుతుంటే ఇంకా వెనక్కి జరగండి. చాలా ఊళ్లలో చివరికి బడి ఆవరణే మిగులుతుంది. అదే మంచిది కూడా.

తర్వాత ఒక సాయంత్రం పిల్లల వెనకే తిరగండి. వాళ్లు ఇప్పటికే ఎక్కడ ఆడుతున్నారో తెలుస్తుంది. క్రికెట్ వాళ్లు జాగా అంతా ఆక్రమిస్తే తొక్కుడుబిళ్ల ఆడే ఆడపిల్లలు గోడవారకి పోతారు. వాళ్ల జాగా కూడా ముందే గీత గీసి విడదీయండి. ఏటివైపు కంచె తప్పనిసరి, నాలుగిళ్ల వాళ్లకి ఆట కనబడుతుండాలి.

కొబ్బరిచెట్టు కింద ఉయ్యాల వద్దేవద్దు. కాయే కాదు, ఎండుమట్ట పడినా తల పగులుతుంది. నీడకి వేపో కానుగో నాటండి.

స్థలం పంచాయతీదో కాదో చూసి గ్రామసభలో తీర్మానం చేయించండి.

సామాన్లు పంటు (ఏరు దాటించే బల్లకట్టు) మీద ఎక్కేవి, నలుగురు మోయగలిగేవి అయి ఉండాలి. ఒకే ముక్కగా వెల్డింగు చేసిన జారుడుబల్ల చూడ్డానికి గట్టిగా ఉంటుంది గానీ, బోల్టులతో విడదీసేదైతే వరద హెచ్చరిక రాగానే విప్పి బడి మేడ ఎక్కించొచ్చు. సముద్రం దగ్గరి లంకల్లో ఉప్పుగాలికి మామూలు ఇనుము ఆగదు, జింకు పూత ఉన్న పైపులే తీసుకోండి. జారుడుబల్ల చుట్టూ ఆరడుగులు ఖాళీ వదిలి, అడుగు లోతున మెత్తని ఇసుక పోయండి. ఉయ్యాలకైతే ముందూ వెనకా అంతకంటే ఎక్కువ వదలాలి. పాత టైర్లు వాడితే కింద బెజ్జాలు పెట్టండి, లేకపోతే దోమలకి ఇళ్లు కట్టించినట్టే.

వరద తీశాక ఒండ్రు ఎత్తించి, ఇసుక తిరగతోడి గాజు పెంకులు, ముళ్లు ఏరించండి. చెత్తకుప్పల్లో పాములు నక్కి ఉంటాయి, కర్రతో కదిపి చూడండి. బోల్టులన్నీ మళ్లీ బిగించి, ఉయ్యాల మీద ముందు పెద్దవాళ్లలో ఒకరు ఊగి చూశాకే పిల్లల్ని రానివ్వండి.